పిన్నీసూ, హాప్కిడో దెబ్బా

మా కాలేజీ రోజుల్లో బెజవాడ సిటీ బస్సెక్కే ప్రతి అమ్మాయి దగ్గరా ఓ పిన్నీసు ఉండేది. ఎందుకో మీకు చెప్పక్కర్లేదు. వెనకనుంచి వచ్చిన చేతి మీద ఒక్క పోటు పొడిస్తే ఆ చెయ్యి వెనక్కి పోయేది, మనం ముందుకి జరిగిపోయేవాళ్ళం. వాడితో కుస్తీ పట్టాలని ఎవరికుంటుంది?

మొన్న తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి టైక్వాండో క్లాసు నుంచి వస్తూనే "అమ్మా, నా చెయ్యి గట్టిగా పట్టుకో" అంది. పట్టుకున్నాను. మణికట్టు తిప్పి చూసింది, రాలేదు. ఇరవయ్యేళ్ళుగా బట్టలు పిండిన చేతులు మరి! అప్పుడు రెండో చెయ్యి నా మొహం ముందు చటుక్కున విసిరింది. ఉలిక్కిపడి కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి నా చెయ్యే మెలి తిరిగి ఉంది. ఇది టైక్వాండో కాదట, హాప్కిడో అట. వాళ్ళ మాస్టారు సరదాగా చూపించారట.

ఆ పేరు పట్టుకుని నాలుగు రోజులు చదివాను. కొరియా భాషలో హాప్ అంటే కలయిక, కి అంటే ప్రాణశక్తి, డో అంటే మార్గం. దీనికి మూలపురుషుడు చోయ్ యాంగ్ సుల్. చిన్నప్పుడే జపాను చేరి, దైతో-ర్యు విద్యలో పేరుమోసిన తకెదా సొకాకు దగ్గర పెరిగానని చెప్పుకునేవాడు. ఆ గురువుగారి శిష్యుల పట్టీల్లో మాత్రం ఈయన పేరు కనిపించదు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక కొరియా తిరిగొచ్చి దేగు నగరంలో పందులు పెంచుకుంటూ బతికాడు.

1948లో ఒకరోజు సారాబట్టీలో మిగిలిన గింజల పిప్పి కోసం వెళ్ళాడు. మన వైపు గేదెల తవుడు కోసం రైసుమిల్లు దగ్గర నిలబడ్డట్టే. అక్కడ ఎవరితోనో తగువైంది. మీదపడ్డవాళ్ళని ఈయన పడదోసిన తీరు బట్టీ యజమాని కొడుకు సొ బొక్ సొప్ చూశాడు. ఆయన స్వయంగా జూడో నేర్చినవాడు. "నాకు నేర్పు, పిప్పి నేనిస్తాను" అన్నాడట. అలా పందుల మేతే గురుదక్షిణ అయింది. 1951లో ఇద్దరూ కలిసి బడి పెట్టారు.

చోయ్ విద్యలో ముఖ్యమైనవి కీళ్ళు మెలిపెట్టడం, పడదోయడం. మరి దెబ్బ ఎందుకు? పట్టుకున్నవాడు బిగుసుకుని ఉంటే వాడి చెయ్యి మెలి తిరగదు. నా చెయ్యి తిరగనట్టే. మొహం మీదికి ఓ విసురో, మోచేత్తో డొక్కలో ఓ పోటో, కాలి ఎముక మీద ఓ తన్నో తగిలితే వాడి ధ్యాస అటు పోతుంది, పట్టు సడలుతుంది. ఆ రెప్పపాటులో మణికట్టు తిప్పాలి. తర్వాత శిష్యులు జి హన్ జే, కిమ్ మూ హాంగ్ వంటివాళ్ళు ఎగిరి తన్నే తన్నులూ, తిరిగి తన్నే తన్నులూ బోలెడు చేర్చారు. సినిమాలకెక్కినవి అవే. నాకు మాత్రం ఆ చిన్న దెబ్బే నచ్చింది. మన పిన్నీసుకి చుట్టం లాంటిది.

సినిమా అంటే గుర్తొచ్చింది. 1972లో 'హాప్కిడో' పేరుతోనే హాంకాంగ్‌లో ఒక సినిమా తీశారు. కథానాయిక ఏంజెలా మావో, నిజంగానే ఆ విద్య నేర్చుకుంది. గురువుగా నటించింది జి హన్ జేనే. ఆ మరుసటేడు వచ్చిన 'ఎంటర్ ది డ్రాగన్'లో బ్రూస్‌లీ చెల్లెలు ఈవిడే! మా నాన్నగారు కుర్రతనంలో చూసి, మాకు కథలా చెప్పేవారు. ఆ పిల్ల అంతమందిని కొట్టి, చివరికి మూల చిక్కి, వాళ్ళ చేత పడకూడదని గాజుముక్కతో పొడుచుకుంటుంది. అక్కడికొచ్చేసరికి ఆయన గొంతు మారిపోయేది. "ఎంత అభిమానవంతురాలో" అనేవారు. మేమూ తలూపేవాళ్ళం. అప్పటి మన సినిమాల్లో మాత్రం, చెల్లెలి పాత్ర బతికి బట్టకట్టిందెక్కడ?

ఈ కథే మా అమ్మాయికి చెప్పాను. అంతా విని, "చేతిలో గాజుముక్క ఉంది కదా అమ్మా, దాంతో వాణ్ణి పొడిచి పారిపోవచ్చుగా?" అంది.

ఆదివారం ఫోనులో నాన్నగారికి ఈ మాట చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు.

"నిజమేనే. మాకప్పుడు ఆ ఆలోచనే రాలేదు" అన్నారు.