ప్రోగ్రామర్లు అక్కర్లేని కాలం: డెబ్బై ఏళ్ల వాగ్దానం

ఏఐ మాట ఎత్తగానే మన దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. 1980లలో బ్యాంకుల్లో కంప్యూటర్లు వద్దని యూనియన్లు ఆందోళన చేశాయి, చివరికి ఆ కంప్యూటరే మన పిల్లల్ని అమెరికా చేర్చింది, ఇప్పుడూ అంతే అవుతుంది అని. మంత్రులు, కాలేజీ యజమానులు, పెళ్లిళ్లలో కలిసే బంధువులు అందరి నోటా ఇదే వింటాం. ఈ జవాబులో రెండు నిజాలున్నాయి. కొత్త టూల్స్ వచ్చాయి, ఉద్యోగాలూ పెరిగాయి. మొదటిదాని వల్లే రెండోది జరిగిందా అన్నది నిరూపించవలసిన విషయం. దాన్ని మనం నిరూపణ లేకుండానే ఒప్పేసుకున్నాం. ప్రోగ్రామింగ్ టూల్స్ చరిత్రను కాస్త ఓపిగ్గా చూస్తే వేరే సంగతి కనబడుతుంది. పెద్ద టూల్ వచ్చినప్పుడల్లా ఏదో ఒక పని నిజంగానే పోయింది. అది చాలావరకు కింది వరసలోని వాళ్ల పనే. కొత్త ఉద్యోగాలు ఎక్కువగా వేరే కారణాల వల్ల, చాలాసార్లు వేరే దేశంలో, వేరే మనుషులకు వచ్చాయి.

తొలి దశ చాలామందికి తెలిసిందే. 1940ల చివర్లో ప్రోగ్రాం తయారీ ఇద్దరి పని. లెక్కను దశలుగా విడదీసి పటం గీసేది ఒకరు, దాన్ని యంత్రానికి తెలిసే అంకెల్లోకి దించే ‘కోడర్’ మరొకరు. 1952లో గ్రేస్ హాపర్ రాసిన ఏ-0 కంపైలర్, 1957లో జాన్ బాకస్ బృందం ఐబీఎం 704 కోసం ఇచ్చిన ఫోర్ట్రాన్ ఈ రెండో మనిషి పనిని యంత్రానికే అప్పగించాయి. ఆ ప్రయత్నాలకు అప్పట్లో పెట్టిన పేరు ‘ఆటోమేటిక్ ప్రోగ్రామింగ్’. కోడ్ రాయడం, తప్పులు వెతకడం ఇక దాదాపు ఉండవన్న ఆశ 1954 నాటి ఫోర్ట్రాన్ తొలి నివేదికలోనే ఉంది. 1960లో వచ్చిన కోబాల్ ఇంగ్లీషు వాక్యాల్లా ఉంటుంది కాబట్టి మేనేజర్లే చదువుకోగలరన్నారు. మేనేజర్లు చదవలేదు గానీ కోడర్ అన్న ఉద్యోగం మాత్రం చరిత్రలో కలిసిపోయింది.

ప్రోగ్రామర్ల సంఖ్య ఆ తర్వాత ఎన్నో రెట్లు పెరిగిన మాట నిజం. అందులో కంపైలర్ పాత్ర లేదనను. పని చౌకైతే గిరాకీ పెరుగుతుంది. కానీ ఒక వరసలోని యంత్రాలన్నిటి మీదా ఒకే ప్రోగ్రాం నడిచేలా 1964లో ఐబీఎం సిస్టం/360 తేకపోయినా, సాఫ్ట్‌వేర్‌కు విడిగా ధర కడతామని 1969లో అదే కంపెనీ ప్రకటించకపోయినా ఆ పెరుగుదల అలా ఉండేది కాదు. సాఫ్ట్‌వేర్‌ను సరుకుగా తయారుచేసి అమ్మే వ్యాపారం నిలదొక్కుకున్నది ఈ రెండో నిర్ణయం తర్వాతే. ఇవి టూల్స్ కావు, వ్యాపార నిర్ణయాలు.

1968లో జర్మనీలోని గార్మిష్‌లో నాటో పిలిచిన సమావేశం సాఫ్ట్‌వేర్ సంక్షోభం గురించి గగ్గోలు పెట్టింది. దానికి మందుగా, ప్రోగ్రాంను కట్టుదిట్టమైన ముక్కలుగా రాసే స్ట్రక్చర్డ్ ప్రోగ్రామింగ్ వచ్చింది. అది ప్రోగ్రామర్‌ను నైపుణ్యం లేని కూలీగా మార్చే ఎత్తుగడ అని 1977లో ఫిలిప్ క్రాఫ్ట్ ఒక పుస్తకమే రాశాడు. అతను భయపడినంతా జరగలేదు, కానీ పనిని మెట్లు మెట్లుగా విడదీసి కింది మెట్టును చవగ్గా కొనే పద్ధతి గురించి అతను రాసింది తర్వాత మన విషయంలోనే నిజమైంది. 1980ల ఆరంభంలో జేమ్స్ మార్టిన్ ప్రోగ్రామర్లు లేకుండా అప్లికేషన్లు తయారుచేయడం గురించి పుస్తకం వేశాడు. 1981లో బ్రిటన్‌లో ఒక ప్రోగ్రాం జనరేటర్‌ను ‘ది లాస్ట్ వన్’ అనే పేరుతో అమ్మారు. ఇది కొన్నాక మరో ప్రోగ్రాం కొననక్కర్లేదట! ఆ దశాబ్దం చివర కేస్ టూల్స్ వెల్లువ వచ్చింది. బొమ్మలు గీస్తే కోడ్ అదే పుడుతుందన్నారు. 1989లో ఐబీఎం ఏడీ/సైకిల్ పేరుతో ఆ కలకు తన ముద్ర కూడా వేసింది. కొన్నేళ్లకే అది సద్దుమణిగింది. ఫ్రెడ్ బ్రూక్స్ 1986లోనే చెప్పాడు: కష్టమంతా రాయడంలో లేదు, ఏం రాయాలో తేల్చుకోవడంలో ఉంది అని. ప్రోగ్రామర్ అక్కర్లేకుండా చేయడమన్న ఆ పనిని ఆర్భాటం లేకుండా చేసి చూపింది 1979 నాటి స్ప్రెడ్‌షీట్ విసిక్యాల్క్. ప్రోగ్రామర్ ఊసే లేకుండా అకౌంటెంట్ తన లెక్క తానే కట్టుకున్నాడు.

మన కథ మొదలయ్యేది వై2కె, అంటే 2000 ఏడాది తేదీల సమస్యతో. ఆగి చూడవలసింది కూడా ఇక్కడే. వై2కె గురించి తెలుగునాట రెండు కథలు ప్రచారంలో ఉన్నాయి. ఒకటి, అది దేవుడిచ్చిన వరం, మన కుర్రాళ్ల తెలివి, ఇంగ్లీషు, ప్రభుత్వ దూరదృష్టి కలిసి దాన్ని అందుకున్నాయన్నది. రెండోది, 2000 జనవరి 1న ఏమీ కూలిపోలేదు కాబట్టి అదంతా బూటకమన్నది. రెండో కథకు జవాబు చెప్పడం తేలిక. వేలమంది ఏళ్ల తరబడి మరమ్మతు చేశారు కాబట్టే ఏమీ కూలలేదు. మొదటి కథే అసలు సమస్య.

పని ఎలా ఉండేదో చూడాలి. పాత కోబాల్ ప్రోగ్రాముల్లో జాగా ఆదా కోసం ఏడాదికి రెండంకెలే పెట్టారు. 2000 అంటే 00. అప్పు గడువు లెక్క తలకిందులవుతుంది. తేదీల వరసలో పేరిస్తే 99 కన్నా ముందు 00 వచ్చి కూర్చుంటుంది. మార్గాలు రెండు. ఏడాదిని నాలుగంకెలకు పెంచడం ఒకటి. అలా చేస్తే ఆ ఫైలు చదివే ప్రతి ప్రోగ్రామూ మారాలి. రెండోది విండోయింగ్. ఉదాహరణకు 50 కన్నా తక్కువైతే 2000లు, లేకుంటే 1900లు అని ప్రోగ్రాముకు చెప్పడం. ఆ 50 అన్న గీత ఎక్కడ గీయాలో చెప్పాలంటే ఆ ఫైల్లో ఉన్నవి పుట్టిన తేదీలా, పాలసీ గడువులా అన్నది తెలియాలి.

ఈ పనంతా చేసిపెడతామని డజన్ల కొద్దీ టూల్స్ బజారుకొచ్చాయి. డేట్ అన్న మాట పేర్లో ఉన్న ఫీల్డులను అవి టకటకా పట్టుకునేవి. కానీ ఇరవై ఏళ్ల కిందట ఎవరో తనకు తోచిన పొట్టి పేరు పెట్టిన ఫీల్డులో తేదీ దాక్కుంటే పట్టుకునేవి కావు. ఒకే జాగాను రెండు రకాలుగా చదివే చోట తడబడేవి. కొన్నిచోట్ల అసలు సోర్స్ కోడే పోయింది, నడుస్తున్న ప్రోగ్రాం మాత్రం ఉంది. ఇక మార్చినదాన్ని పరీక్షించడానికే మొత్తం శ్రమలో సగం దాకా పోతుందన్నది అప్పటి మామూలు అంచనా. ప్రపంచం మొత్తానికి 30,000 కోట్ల నుంచి 60,000 కోట్ల డాలర్ల దాకా ఖర్చవుతుందని గార్ట్‌నర్ సంస్థ లెక్కేసింది. టూల్ నిజంగా పని పూర్తిచేసి ఉంటే ఆ లెక్క అంత ఉండేది కాదు. టూల్ చేయలేక వదిలేసిన దాన్ని వరస వరసగా చదవడానికి మనుషులు కావలసి వచ్చారు. వాళ్లు చౌకగా కావాలి, త్వరగా కావాలి. గడువు వాయిదా వేయడం ఎవరి చేతిలోనూ లేదు.

అందుకు మన దగ్గర అప్పటికే సరంజామా ఉంది. 1978లో ఐబీఎం దేశం వదిలి వెళ్లాక రకరకాల యంత్రాల మీద పనిచేయడం ఇక్కడివాళ్లకు అలవాటైంది. ఒక యంత్రం ప్రోగ్రాములను మరో యంత్రానికి మార్చే పనిని టీసీఎస్ 1970ల నుంచే చేస్తోంది, అందుకు సొంత టూల్స్ కూడా రాసుకుంది. హైదరాబాద్‌లో ఈసీఐఎల్, సీఎంసీ ఉన్నాయి, 1987లో సత్యం పుట్టింది. 1991లో సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల సంస్థ ఎస్‌టీపీఐ వచ్చి ఉపగ్రహ లింకులు అందించింది. ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలు అంతకు ముందే వెలిశాయి. అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ గోడల మీద కోబాల్, జేసీఎల్, సీఐసీఎస్, డీబీ2 అంటూ మెయిన్‌ఫ్రేమ్ కోర్సుల పోస్టర్లు పడ్డాయి. ఆ ఫీజులు, విమానం టికెట్లు ఎక్కడి నుంచి వచ్చాయో ప్రోగ్రామర్లను విదేశాలకు అద్దెకు పంపే బాడీ షాపింగ్ వ్యాపారం మీద పరిశోధకుడు షియాంగ్ బియావో 2007లో వెలువరించిన అధ్యయనంలో చదవాలి. కోస్తా జిల్లాల పొలం రాబడి, కట్నాల డబ్బు అందులో ఉన్నాయి. కోడలి పుట్టింటి సొమ్ముతో నడిచిన శిక్షణ ఏ పారిశ్రామిక విధానంలోనూ కనబడదు.

ఇక దూరదృష్టి సంగతి. హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభమైంది 1998 నవంబర్‌లో. అంటే గడువుకు పదమూడు నెలలు మిగిలినప్పుడు. అప్పటికి పెద్ద బ్యాంకులు, బీమా కంపెనీలు మార్పులు చాలావరకు ముగించి పరీక్షల దశలో ఉండాలి. ఆ భవనం తర్వాతి పెరుగుదలకు నీడనిచ్చింది, అందులో సందేహం లేదు. వై2కె పనిని అది తేలేదు. అమెరికా చేసిన చట్టాల పాత్ర అంతకన్నా పెద్దది. హెచ్-1బీ వీసాల పరిమితిని 65,000 నుంచి 1999, 2000 సంవత్సరాలకు 1,15,000కు, ఆ తర్వాత మూడేళ్లకు 1,95,000కు పెంచారు. 2004లో మళ్లీ 65,000కు దించారు.

నా వాదనకు ఒక గట్టి అభ్యంతరం ఉంది. వై2కె ముగిశాక మన ఎగుమతులు పడిపోలేదు. 1999-2000లో దాదాపు 400 కోట్ల డాలర్లున్న సాఫ్ట్‌వేర్ ఎగుమతులు మరుసటి ఏడాది 600 కోట్లు దాటాయి. అంటే వై2కె ఒక్కటే కారణం కాదు. డాట్‌కామ్ జోరు, టెలికాం తీగలు, వీసాలు అన్నీ అదే సమయంలో కలిశాయి, వాటిని విడదీసి పాళ్లు చెప్పడం కుదరదు. కానీ ఒక్కటి చెప్పవచ్చు. తేదీలు సరిచేసిన కుర్రవాడు రెండేళ్లు పరాయి కోడ్ చదివాడు. ఆ చదువులో అమెరికా బ్యాంకు వడ్డీ ఎలా కడుతుందో, బీమా పాలసీ ఎలా రద్దవుతుందో నేర్చుకున్నాడు. ఆ తర్వాత వచ్చిన మెయింటెనెన్స్ కాంట్రాక్టులకు పెట్టుబడి అదే. అంటే ఎవరికీ ఇష్టంలేని ఆ విసుగు పనే వాళ్లకు బడి అయింది.

డాట్‌కామ్ జోరు కూలిన 2001 దెబ్బ, ప్రాజెక్టు లేక బెంచి మీద గడిపిన నెలలు, మళ్లీ కోలుకోవడం అందరికీ గుర్తే. ఆ తర్వాతి దశాబ్దంలో టెస్టులను వాటంతట అవే నడిపే సెలీనియం లాంటి టూల్స్ వచ్చి మాన్యువల్ టెస్టింగ్ అనే కోర్సు విలువను మెల్లగా తగ్గించాయి. దానికీ ఎవరూ సంతాపం తెలపలేదు.

ఇక ఇప్పటి సంగతి. 2021లో కోడ్ సూచించే గిట్‌హబ్ కోపైలట్, 2022 నవంబర్‌లో చాట్‌జీపీటీ, 2025లో కావలసింది మాటల్లో చెప్పి ఏఐ చేత కోడ్ రాయించే ‘వైబ్ కోడింగ్’ అన్న మాట వచ్చాయి. వీటి ఫలితాల మీద ఒక్క మాటగా తీర్పు చెప్పేవాళ్లను నేను నమ్మను. 2023లో వెలువడిన ఒక ప్రయోగంలో, ఒక చిన్న పనిని కోపైలట్ ఉన్నవాళ్లు దాదాపు 56 శాతం తక్కువ సమయంలో ముగించారు. 2025లో మెటర్ సంస్థ 16 మంది అనుభవజ్ఞులకు వాళ్లు బాగా ఎరిగిన కోడ్‌లోనే 246 పనులిచ్చి చూస్తే, ఏఐ వాడినప్పుడు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. తమాషా ఏమిటంటే, పని ముగిశాక కూడా తాము 20 శాతం వేగంగా చేశామనే వాళ్లు అనుకున్నారు. మొదటిదాన్ని చేసినవాళ్లలో టూల్ అమ్మేవాళ్ల ఉద్యోగులున్నారు, రెండోదానిలో మనుషులు తక్కువ. రెండింటినీ ఆ హెచ్చరికతోనే చదవాలి.

ఉద్యోగాల లెక్కలో నన్ను కలవరపెట్టేది 2025 ఆగస్టులో స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు జీతాల చెల్లింపు సంస్థ ఏడీపీ రికార్డుల నుంచి తీసినది. అమెరికాలో 22 నుంచి 25 ఏళ్ల సాఫ్ట్‌వేర్ డెవలపర్ల ఉద్యోగాలు 2022 చివరి నాటి శిఖరం నుంచి దాదాపు 20 శాతం తగ్గాయి. పెద్ద వయసు వాళ్లవి అలా తగ్గలేదు. వడ్డీ రేట్లు పెరగడం, కోవిడ్ కాలంలో అతిగా తీసుకున్న నియామకాలు, పరిశోధన ఖర్చు మీద అమెరికా పన్ను నిబంధన మారడం కూడా ఇదే కాలంలో జరిగాయి. అందుకని పాపమంతా ఏఐదే అనలేం. పైగా 2025లో టీసీఎస్ ప్రకటించిన 12,000 పైచిలుకు తొలగింపులు ఎక్కువగా మధ్య, పై స్థాయుల్లోనే అన్నారు, కారణం ఏఐ కాదని కంపెనీ చెప్పింది. ఇది నా వాదనకు అడ్డుగానే ఉంది. అయినా ఒక తేడాను దాటవేయలేం. 1999లో టూల్ వదిలేసిన మిగులు పని మనకు దక్కింది. ఇప్పటి టూల్ చేయబోయేది సరిగ్గా ఆ మిగులునే. పాత కోడ్ చదివి వివరించడం, టెస్టులు రాయడం, ఒక భాష నుంచి మరో భాషకు మార్చడం. తప్పులతో చేస్తుంది, కానీ కొత్తవాడూ తప్పులతోనే చేసేవాడు. తేడా ఏమిటంటే కొత్తవాడు అలా చేస్తూ నేర్చుకునేవాడు.

సొంతంగా ప్రాడక్టు తయారుచేసుకునే వాళ్లకు ఇది మంచి కాలమే. ఆలోచన ఉన్న మనిషి ఇంజనీరు కోసం ఎదురుచూడకుండా శని, ఆదివారాల్లో నమూనా చేసుకోగలడు. విసిక్యాల్క్ అకౌంటెంట్‌కు ఇచ్చిన స్వేచ్ఛ ఇదే. కానీ నమూనా అందరికీ తేలికైనప్పుడు దాని ధర కూడా పడిపోతుంది. డబ్బు కట్టే వినియోగదారుడిని వెతకడం, రాత్రి రెండింటికి సర్వర్ ఆగితే లేవడం, పక్కవాడి డేటా లీకు కాకుండా చూడటం మునుపటంత కష్టంగానే ఉన్నాయి. ఒక్కడే కంపెనీ పెట్టి కోట్లు గడించవచ్చని యూట్యూబ్‌లో చెప్పేవాళ్లు ఈ భాగం దాటేస్తారు.

కాబట్టి ఇంజనీరింగ్ చేరబోయే పిల్లలకు పాత ధైర్యమే చెప్పడం నాకు సమ్మతం కాదు. అది జరిగిన చరిత్ర కాదు. 1995 నుంచి 2000 దాకా ఆ తేదీలు సరిచేసినవాళ్లు ఇప్పుడు యాభైల్లో ఉన్నారు. హైదరాబాద్‌లో, డల్లాస్‌లో, న్యూజెర్సీలో ఉన్నారు. వాళ్లకు నా విన్నపం ఒకటి. అమీర్‌పేట జిరాక్స్ నోట్సు, నియామక పత్రాలు, నెల జీతం చీటీలు అటక మీద మిగిలి ఉంటే పారేయకండి. టూల్ ఎక్కడ ఆగిపోయింది, మీ పని ఎక్కడ మొదలైంది అన్నది మీ మాటల్లో తెలుగులో రాసి పెట్టండి.