వర్తక సంఘాల కార్యదర్శులకు వృత్తి శిక్షణ, నాయకత్వ పటిమ ఆవశ్యకం
పశ్చిమ కర్నూలు ప్రాంత వాణిజ్యంపై ప్రత్యేక వ్యాసం

తుగ్గలి: కర్నూలు జిల్లా పత్తికొండ రెవెన్యూ డివిజన్‌లోని తుగ్గలి మండలం ప్రధానంగా వర్షాధార వ్యవసాయ ప్రాంతం. వేరుశనగ, ప్రత్తి, టమాటా ఇచ్చటి ముఖ్య పంటలు. ఈ పశ్చిమ మండలాల రైతులకు ఆదోని మార్కెట్ యార్డు ప్రధాన విక్రయ కేంద్రం. హమాలీ రేట్లపైనో, పన్నులపైనో, చెల్లింపులపైనో వివాదం తలెత్తి యార్డులో కొనుగోళ్లు నిలిచిపోతే, సరుకుతో వచ్చిన రైతు బాడుగ నష్టపోయి వెనుదిరగవలసి వస్తుంది. అందువలన వర్తక సంఘాన్ని నడిపేవారి సామర్థ్యం వ్యాపారుల అంతర్గత విషయం మాత్రమే కాదు.

మండలి - మార్కెట్ కమిటీ

వ్యవసాయ మార్కెట్ కమిటీ 1966 నాటి రాష్ట్ర మార్కెట్ల చట్టం క్రింద ఏర్పడిన చట్టబద్ధ సంస్థ. వాణిజ్య మండలి, అనగా ఛాంబర్ ఆఫ్ కామర్స్, వ్యాపారులు స్వచ్ఛందంగా ఏర్పరచుకొనే సంఘం. 1599లో ఫ్రాన్సులోని మార్సెయిల్‌లో ఆరంభమైన ఈ సంప్రదాయం 1836లో మద్రాసుకు చేరింది. 1917లో హైదరాబాదులోను, 1928లో మద్రాసులో ఆంధ్రా ఛాంబర్ పేరుతోను తెలుగువారి వాణిజ్య కేంద్రాలకు విస్తరించింది.

కార్యదర్శి పాత్ర

ఎన్నికైన అధ్యక్షులు పదవీకాలం ముగియగానే మారుతారు. సంఘం దస్త్రాలు, పూర్వపు ఒప్పందాలు, అధికారులతో సంబంధాలు వేతనంపై పనిచేసే కార్యదర్శి వద్ద నిలిచి ఉంటాయి. అధ్యక్షుడు సభ్యుల అభిప్రాయాన్ని వినిపిస్తే, ఆ అభిప్రాయం చట్టానికి, ఆచరణకు ఎంతవరకు నిలుస్తుందో ముందుగా చెప్పవలసిన బాధ్యత కార్యదర్శిది. సభ్యులకు రుచించని మాటను సైతం సకాలంలో చెప్పగలగడమే ఈ పదవిలో నాయకత్వం.

తెలియవలసిన చట్టాలు

2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలు సరఫరా చేసిన సరుకుకు కొనుగోలుదారు వ్రాతపూర్వక ఒప్పందం ఉన్నప్పటికీ 45 రోజులకు మించకుండా చెల్లించవలెను. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్లు చొప్పున చక్రవడ్డీ వర్తిస్తుంది. అర్హత గల జిన్నింగ్ మిల్లు ఈ రక్షణను కోరవచ్చును. టోకు, చిల్లర వర్తకులను 2021 జూలైలో ఈ వర్గంలో చేర్చినది ప్రాధాన్యతా రంగ రుణాల నిమిత్తం మాత్రమే. ఈ భేదం తెలియని కార్యదర్శి సభ్యులకు వృథా ఆశ కల్పించే ప్రమాదం ఉన్నది.

2016 ఏప్రిల్‌లో ప్రారంభమైన ఈ-నామ్ ఆన్‌లైన్ విపణి, 2017 జూలై 1 నుండి అమలైన వస్తు సేవల పన్ను సైతం కార్యదర్శుల పనితీరును మార్చివేశాయి. నిబంధన మారిన ప్రతిసారీ దానిని సామాన్య వ్యాపారికి సులభమైన తెలుగులో వివరించవలసిన బాధ్యత వారిపై పడినది.

ఎమ్మిగనూరు ఆదర్శం

సంస్థా నాయకత్వానికి ఉదాహరణ ఈ ప్రాంతంలోనే ఉన్నది. మాచాని సోమప్ప నేతృత్వంలో 1938లో ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘం ఏర్పడినది. విడివిడిగా ఉన్న నేత కార్మికులను ఒక సంస్థగా కూర్చిన ఆయనకు 1954లో పద్మశ్రీ పురస్కారం లభించినది. అది వాణిజ్య మండలి కాకపోయినను, సభ్యుల నమ్మకమే సంఘానికి మూలధనమని నిరూపించినది.

శిక్షణ అవకాశాలు

అమెరికాలో మండలుల కార్యనిర్వాహకులకు 1921 నుండి ప్రత్యేక శిక్షణా కార్యక్రమం నడుస్తున్నది. మన దేశంలో 1960లో ఢిల్లీలో ప్రారంభమై 1962లో హైదరాబాదుకు తరలిన జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల సంస్థ చిన్న పరిశ్రమల రంగంలో శిక్షణ ఇస్తున్నది. ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ వంటి పట్టణాల సంఘాలు తమ కార్యదర్శులను ఇట్టి శిక్షణకు పంపుట శ్రేయస్కరం. దస్త్రాల నిర్వహణ, బడ్జెట్, వివాద పరిష్కారం, అధికారులకు వినతిపత్రం వ్రాసే విధానం అందులో ప్రధానాంశాలు కావలెను.

వివాదం ముదిరి కొనుగోళ్లు నిలిచిన పిదప జరిగే చర్చలకంటె, ముందు రోజు కార్యదర్శి జరిపే సంప్రదింపు అందరికీ మేలు. తుగ్గలి రైతు తెచ్చిన ప్రత్తి అదే రోజున అమ్ముడుపోవుటయే ఇట్టి శిక్షణకు సరియైన కొలమానం.