పాలమూరు గొంతులో క్రిస్మస్ పాట

1890లో నల్లగొండకు వచ్చి మిషన్ పెట్టిన అబ్రహాం ఫ్రీజెన్ రష్యా దేశస్థుడు. ఇంటి భాష జర్మన్. దైవశాస్త్రం చదివింది జర్మనీలోని హాంబర్గ్‌లో. వెనక నిలబడింది అమెరికన్ బాప్టిస్టు మిషన్. వచ్చి దిగింది నిజాం రాజ్యంలో, పని చెయ్యాల్సింది తెలుగులో. అంతకు అయిదేళ్ల ముందే, 1885లో, ఎల్బర్ట్ చ్యూట్ అనే అమెరికన్ పాలమూరులో మకాం వేశాడు. ఆ ఊరికి అప్పటికింకా ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరుమీద మహబూబ్‌నగర్ అన్న పేరు పడలేదు. 1937లో బాప్టిస్టులు పాలమూరు మిషన్‌ను మెన్నొనైట్ బ్రదరెన్ వాళ్లకు అప్పగించారు. ఇవాళ దేవరకొండ, నాగర్‌కర్నూల్, వనపర్తి, కల్వకుర్తి, జడ్చర్ల వైపు ఎవరినడిగినా "ఎం.బి. చర్చి" అని చెప్పేది ఆ సంఘాన్నే. ఇన్ని దేశాల మనుషులు కలిసిన చోట క్రిస్మస్ పాట ఒకే గొంతుతో మిగలదు కదా!

మొదట బయటి నుంచి వచ్చిన పాటల సంగతి. 'సైలెంట్ నైట్' పుట్టింది ఫ్రీజెన్ ఇంటి భాషలోనే. ఆస్ట్రియాలో యోసెఫ్ మోర్ అనే పాదిరి 1816లో రాసుకున్న గీతానికి బడిపంతులు ఫ్రాంజ్ గ్రూబర్ బాణీ కట్టాడు. 1818 డిసెంబరు 24న ఓబర్న్‌డార్ఫ్ గుడిలో వాళ్లిద్దరూ కలిసి పాడారు. పక్క వాద్యం గిటారు ఒక్కటే. ఇప్పుడు గిటారు భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగే యూత్ పిల్లల్ని చూసి "ఇదేం సినిమా పోకడ" అని విసుక్కునే పెద్దలు ఈ సంగతి తెలుసుకుంటే మంచిది. గిటారు కొత్త కాదు, ఆ పాటకు పుట్టింటి వాద్యం.

'హార్క్ ద హెరాల్డ్' కథ ఇంకా వింత. చార్లెస్ వెస్లీ 1739లో సాహిత్యం రాశాడు. జర్మన్ స్వరకర్త మెండెల్సన్ 1840లో కట్టిన బాణీ అచ్చుయంత్రం తెచ్చిన గూటెన్‌బర్గ్ జ్ఞాపకార్థం. అది భక్తిపాటకు పనికిరాదని మెండెల్సన్ తనే అన్నాడు. 1855లో కమింగ్స్ అనే ఆయన ఆ రెండింటినీ కలిపేశాడు. కట్టినవాడే కాదన్న బాణీ తెలుగులో 'దూత పాట' అయి మన పల్లెల దాకా నడిచొచ్చింది.

ఈ పాటలు ఇక్కడ అతుక్కోవడానికి సంగీతంలోనే కారణం ఉంది. 'జాయ్ టు ద వరల్డ్' మొదటి వరసను స్వరాల్లో పాడి చూడండి. పై షడ్జం నుంచి కింది షడ్జం దాకా ఒక్క మెట్టు తప్పకుండా దిగుతుంది. అచ్చంగా శంకరాభరణం అవరోహణ. 'సైలెంట్ నైట్' ఎత్తుకునేది ప-ద-ప-గ అని. నడక చూస్తే తిశ్రం, బతుకమ్మ పాటల్లో చాలావాటి నడక కూడా అదే. బతుకమ్మ చుట్టూ తిరిగి చప్పట్లు చరిచిన చేతులకు ఆ తాళం ఎవరూ నేర్పనక్కర్లేదు. తెల్లవాళ్ల బాణీలకు సంస్కృత సాహిత్యం కట్టి ముత్తుస్వామి దీక్షితులు నొట్టుస్వరాలు చేసింది కూడా ఈ శంకరాభరణంలోనే. అంటే ఈ ఇచ్చిపుచ్చుకోవడం మిషన్లతో మొదలైంది కాదు.

అసలు 'క్యారల్' అన్నది కూడా మొదట గుడి పాట కాదు. మధ్యయుగాల ఐరోపాలో చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ ఆడే ఆటపాట అది. ఒకరు చరణం ఎత్తుకుంటే మిగిలినవాళ్లంతా వంత అందుకునేవాళ్లు. మన దగ్గర ఇలా పాడని ఊరు ఏది? సద్దుల బతుకమ్మ నాడు, కోలాటంలో, చెక్కభజనలో ఉన్నది ఈ పద్ధతే. క్రిస్మస్ రాత్రి సంఘంలో ఆడవాళ్లు కోలలు పట్టుకుని గుండ్రంగా తిరిగితే అది క్యారల్ నుంచి దూరం జరగడం కాదు, దాని మొదటికి చేరడం.

ఇక రెండో దారి కీర్తన. మిషన్లు తెలంగాణకు రాకముందే పర్లాకిమిడి ప్రాంతపు పురుషోత్తమ చౌదరి తెలుగులో క్రైస్తవ కీర్తనలు కట్టాడు. త్యాగరాజు ఇంకా బతికున్న కాలంలో యవ్వనంలో ఉన్న కవి ఆయన. పల్లవి, అనుపల్లవి, చరణాల అచ్చులోనే క్రీస్తు కథను పోశాడు. బాప్టిస్టు బోధకులు కోస్తాలోని రామాయపట్నం సెమినరీలో చదివేవాళ్లు కాబట్టి కోస్తా కీర్తనలు వాళ్ల వెంట మెట్ట ఊళ్లకూ ఎక్కివచ్చాయి. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకం తెరిస్తే పాట తలమీద రాగం పేరు, తాళం పేరు కనిపిస్తాయి. మామూలుగా చేతుల్లో తిరిగే ప్రతిలో స్వరాలుండవు. బిలహరి అని రాసి ఉంటుంది, కానీ ఆ ఊరి సంఘం పాడే బిలహరి ఎలా ఉంటుందో పుస్తకం చెప్పదు. అది పాడే పెద్దమ్మకే తెలుసు. నా లెక్కన నల్లగొండ, పాలమూరు జిల్లాల క్రిస్మస్ సంగీతంలో అసలు ఆస్తి ఇదే. అన్నిటికంటే ముందు పోయేదీ ఇదే.

డప్పు సంగతి వేరు. తొలి తరం క్రైస్తవుల్లో ఎక్కువమంది మాదిగలు, మాలలు. జాతరకు డప్పు కొట్టడం మాదిగలకు వెట్టి. ఒంగోలులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కాలం నుంచే, బాప్తిస్మం తీసుకున్నవాళ్లు ఊరి దేవతకు డప్పు కొట్టబోమని తెగేసి చెప్పారు, అందుకు బాధలూ పడ్డారు. అలా డప్పు ప్రార్థన మందిరం బయటే ఆగిపోయింది. లోపలికి హార్మోనియం, కంజర, తాళాలు వచ్చాయి. తమ చేతి వాద్యాన్ని తామే వదులుకోవాల్సి రావడం చిన్న నష్టం కాదు. కానీ ఆనాడు ఆ వాద్యం బరువు ఎలాంటిదో మోసినవాళ్లకే ఎరుక. 1994లో మొదలైన మాదిగ దండోరా, ఆ తర్వాత తెలంగాణ ఉద్యమపు ధూంధాంలు డప్పుకు గౌరవం తెచ్చిపెట్టాయి. ఇప్పుడు క్రిస్మస్ ర్యాలీలో డప్పు కొడితే అది వెట్టి కాదు.

హార్మోనియం కూడా పరదేశిదే. పారిస్‌లో అలెగ్జాండర్ దెబైన్ 1842లో పేటెంటు తీసుకున్నాడు. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని నేలమీద కూర్చుని ఒక చేత్తో తిత్తి ఊదుతూ వాయించేట్టు మార్చాడు. గమకం పలకదని 1940 నుంచి 1971 దాకా ఆకాశవాణి దాన్ని బహిష్కరించింది. ఆ మూడు దశాబ్దాలూ దాన్ని వదలనిది పద్యనాటకాల వాళ్లు, భజన మందిరాలు, చర్చిలు.

ఇప్పుడు హార్మోనియం కూడా మూల పడింది, కీబోర్డు వచ్చింది. మాటల్లేకుండా వాద్యాల మీదే క్యారల్ వినిపించడం బయట ఎప్పటినుంచో ఉన్నదే. 1950లో అమెరికన్ స్వరకర్త లెరాయ్ ఆండర్సన్ పాత క్యారల్స్‌ను గుచ్చి 'ఎ క్రిస్మస్ ఫెస్టివల్' అనే ఆర్కెస్ట్రా రచన చేశాడు. 1984లో మన్‌హైమ్ స్టీమ్‌రోలర్ బృందం సింథసైజర్లతో క్రిస్మస్ ఆల్బం తెచ్చింది. మన దగ్గర ఆ పని మొదట చేసింది పెళ్లి బ్యాండు వాళ్లు. క్లారినెట్ మీద కీర్తన ఎత్తుకుంటే సాహిత్యం లేకపోయినా వీధి మొత్తం పెదాలు కదిపేది. (సీరియల్ బల్బుల డబ్బాలోంచి కీచుమని వచ్చే 'జింగిల్ బెల్స్'ను ఈ లెక్కలో కలపొద్దని మనవి.)

కీబోర్డు మీద నాకు పగ లేదు. దాన్ని వాయించే తీరు మీదే ఫిర్యాదు. కుర్రవాడు పాట వినకముందే ఒక స్టైల్ నొక్కేస్తాడు. డ్రమ్ములు నాలుగు మాత్రల్లో పరుగెడుతుంటాయి. పాటేమో మిశ్రచాపు, ఏడు మాత్రలు. పాడే ఆవిడ ప్రతి ఆవర్తానికి ఒక మాత్ర సాగదీసి ఎనిమిది చేసి సర్దుకుంటుంది. రెండేళ్లు అలా పాడితే పాట ఎనిమిదికే అలవాటు పడిపోతుంది, ఏడు మాత్రల నడక ఎవరికీ గుర్తుండదు. ఇక ఫోన్లో ట్రాక్ పెట్టి పాడటం వచ్చాక శృతి కూడా ట్రాక్‌దే. గొంతుకు అందినా అందకపోయినా అరవాల్సిందే. అదే కీబోర్డు మీద స్టైల్ ఆపేసి, తంబూరా శృతి ఒక్కటి పెట్టి, పక్కన డోలక్ కూర్చోబెడితే పాట ఎంత నెమ్మదిస్తుందో ఒక్కసారి చేసి చూస్తే తెలుస్తుంది.

అందుకే నల్లగొండ, పాలమూరు సంఘాల యువతకు ఒక విన్నపం. ఈ డిసెంబరులో క్యారల్స్‌కు తిరిగేటప్పుడు టీ తాగి కానుక తీసుకుని వచ్చేయకండి. ఆ ఇంట్లో ముసలమ్మో ముసలాయనో ఉంటే, కీబోర్డు పక్కనబెట్టి, పుస్తకంలోని పాత క్రిస్మస్ కీర్తన ఒకటి వాళ్ల శృతిలో వాళ్లనే పాడమనండి. చేతిలో ఫోన్ ఉండనే ఉంది, రికార్డు చెయ్యండి. పాడినవాళ్ల పేరు, ఊరు, ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారన్నది కూడా వాళ్ల నోటితోనే చెప్పించండి.