నీరు – నెరో : ఒక శబ్దసామ్య విచారము

మన ‘నీరు’ శబ్దమునకును, నేటి గ్రీకుభాషలో అదే అర్థమున వాడుకలోనున్న ‘నెరో’ శబ్దమునకును గల పోలిక విస్మయము గొల్పును. ధ్వని దగ్గఱ, అర్థ మొకటి. బంధుత్వమునకు ఇంతకంటె నిదర్శన మేమి కావలెనని యడుగుట సహజమే. కాని రెండువేల యేండ్ల క్రిందట నెరో శబ్ద మెట్లుండెనో మున్ముందు చూడవలెనని మా మనవి.

ప్రాచీనగ్రీకున నీటికి ‘హ్యుదోర్’ అని పేరు. అది సంస్కృతమందలి ‘ఉదక’ శబ్దమునకు జ్ఞాతి. ‘నెఅరోన్ హ్యుదోర్’ అనగా క్రొత్తనీరు, అప్పుడే తెచ్చిన నీరు. ఇందలి విశేషణము ‘నేరోన్’ అని కుదించుకొనిపోయినది. క్రీ. శ. 2వ శతాబ్ది నాటి ఫ్రూనిఖోస్ అను వైయాకరణుడు ‘నేరోన్ హ్యుదోర్’ అనరాదని నిషేధించెను. నిషేధించినాడు కనుకనే అది నాటికి జనుల నోట నుండెనని మనకు తెలియుచున్నది. వైయాకరణుల కోపము చరిత్రకారులకు ఇట్లు పెక్కుమారు లుపకరించును. తరువాత విశేష్యము జాఱిపోగా విశేషణమే నీటికి పేరైనది. గుణమును బట్టి ద్రవ్యమునకు పేరు వచ్చుట మనకును క్రొత్త గాదు. తెలుపును బట్టియే కదా ‘వెండి’ యైనది. కావున నెరో మన ‘నవ’ శబ్దమునకు చుట్టమే కాని, నీటికి గాదు.

ఇక బలూచిస్తానమునందలి బ్రాహుయీభాషలో నీటిని ‘దీర్’ అందురు. చెవికి దూరమైనను ఇదియే మన నీటికి సోదరశబ్దము. ఏలయన మన ‘నెత్తురు’ అచ్చట ‘దితర్’ అయినది. పదాదినకారము దకార మగుట ఈ యొక్క మాటకే పరిమితము గాదన్నమాట. ‘నీవు’ అను అర్థముగల ‘నీ’ వంటి వానియందు నకారమే నిలిచియుండుట వేఱుగ విచారింపదగినది.

సంస్కృతమున ‘నీరము’ ఉన్నది గనుక నీరు దానినుండి పుట్టెననుకొనుటయు సామ్యమును నమ్మి దిక్కు తప్పుటయే. టి. బరో తన సంస్కృతభాషా గ్రంథమున (1955) నీరశబ్దమును ద్రావిడమునుండి సంస్కృతము గ్రహించిన మాటలలో చేర్చెను. మాకును అదియే సమంజసముగ తోచుచున్నది.

ఇంటిలోని పోలిక ఇంకను మోసకారి. బూడిదకు ‘నీఱు’ అని పేరు గలదు. తమిళము దీనిని నీటినుండి నేటికిని వేఱుగనే వ్రాయుచున్నది. మన ముద్రణములలో శకటరేఫము లోపించుటచే రెండును ఒక్కటే యైనవి. ‘నీఱు గప్పిన నిప్పు’ అచ్చులో ‘నీరు గప్పిన నిప్పు’ కాగా, పాపము, విద్యార్థి నీటిక్రింద నిప్పును ఊహించుకొనవలసి వచ్చుచున్నది.