యానాం పెళ్ళిళ్ళు

పన్ను తప్పించుకోడానికి పెట్టుబడిదారులు మారిషస్ దారి పట్టడం మనకి తెలిసిందే. అంతకు చాలాముందే మనవాళ్ళు యానాం దారి పట్టారు, చిన్నపిల్లలకి పెళ్ళి చెయ్యడానికి!

మా కోనసీమ నుంచి గౌతమి పాయ దాటితే యానాం. 1954 దాకా ఫ్రెంచివాళ్ళ ఏలుబడి. చుట్టూ బ్రిటిష్ చట్టాలు, మధ్యలో లంకలాగా ఫ్రెంచి చట్టం. 1930 ఏప్రిల్ 1న శారదా చట్టం అమల్లోకొచ్చింది. పెళ్ళికి ఆడపిల్లకి 14, మగపిల్లాడికి 18 నిండాలి. కానీ అది బ్రిటిష్ ఇండియాకే. ఇంకేముంది, పెళ్ళివారంతా ఏరు దాటారు. యానానికి కళ్యాణపురం అని పేరొచ్చింది.

నన్నడిగితే అసలు బగ్గు సరిహద్దులో లేదు, చట్టంలోనే ఉంది. పెళ్ళి చేసిన పెద్దలకి శిక్ష వేసింది గానీ, జరిగిన పెళ్ళిని చెల్లదనలేదు. తాళి కట్టించి వెనక్కొచ్చేస్తే పనైపోయినట్టే. "నాకీ పెళ్ళి వద్దు" అనడానికి ఆ పిల్లకి అందులో చోటే లేదు.

2006లో వచ్చిన బాల్యవివాహాల నిషేధ చట్టం, చిన్నప్పుడు పెళ్ళయినవాళ్ళకి ఆ పెళ్ళి రద్దు చెయ్యమని అడిగే హక్కు ఇచ్చింది. తమాషా ఏంటంటే, పుదుచ్చేరిలో ఫ్రెంచి సివిల్ కోడ్ ఎంచుకున్న కుటుంబాలకి ఇది వర్తించదని దాని మొదటి సెక్షన్లోనే రాశారు. ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోయినా లంక పూర్తిగా మునగలేదన్నమాట.