ఉప్మా పళ్లెం నుంచి బీపీ పట్టీ దాకా

మన సంస్థ ప్రత్యేక సంచికకు నాలుగు మాటలు రాయమని కమిటీవారు కబురు పెట్టేసరికి పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో మా ఇంటి అరుగు మీద ఉన్నాను. ఎదుట కార్ల ఫ్యాక్టరీ బస్సులు పోతున్నాయి. మనసేమో రంగారెడ్డి జిల్లా మట్టిబాటల మీదికి పోయింది.

మన జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ చేతుల మీదుగా ఒక్క గదిలో మొదలైంది. 1958లో హైదరాబాదు చేరింది, 1969లో ఇప్పటి పేరు వచ్చింది. ఒకప్పటి డైరెక్టర్ గోపాలన్ గారి రోజుల గురించి పెద్దలు రాస్తారు. నేను రాయగలిగింది రంగారెడ్డి జిల్లాలోని 29 ఊళ్ల పని గురించే.

1987లో రామేశ్వర శర్మ గారి ఆధ్వర్యంలో అది మొదలైంది. 15 ఊళ్లలో అంగన్‌వాడీ పథకం కింద గర్భిణులకూ ఆరేళ్లలోపు పిల్లలకూ మొక్కజొన్న, సోయా పిండితో ఉప్మా పెట్టేవారు. తక్కిన 14 ఊళ్లకు ఆ పథకం అప్పటికింకా రాలేదు. 1990లో ముగిసింది. పదమూడేళ్లు గడిచాయి.

2003లో పరిశోధకుడు సంజయ్ కిన్రా గారి బృందం ఆ పిల్లలను మళ్లీ చూడాలంది. మా అసలు కష్టం అప్పుడే. రిజిస్టర్లో 'రెండో బిడ్డ' అని ఉన్నవాడికి మీసాలొచ్చాయి. ఇళ్లు మారాయి, పేర్లు మారాయి. ఆయమ్మలు గుర్తుపట్టి చెప్పకపోతే 1,165 మంది దొరికేవారు కారు. ఉప్మా ఊళ్ల పిల్లలు తక్కిన ఊళ్ల పిల్లలకన్నా 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవున్నారు, రక్తనాళాల బిరుసూ తక్కువే. 2008లో అది అచ్చయిన రోజు మా అందరికీ పండగే.

2010-12లో తల్లిదండ్రులనూ తోబుట్టువులనూ కలుపుకుని దాదాపు 7 వేల మందిని చూశారు. జుట్టు నెరిసిన ఒక తల్లి రవిక చెయ్యి పైకి మడిచి, బీపీ పట్టీకి చెయ్యి చాపి, ఆనాడు తాను తిన్నది బిడ్డ ఒంటికి పట్టిందా అని అడిగింది. లెక్క తేలాక వచ్చి చెబుతానన్నాను.

2020లో తేలింది. ఇరవై ఏళ్ల ప్రాయానికి వచ్చిన ఆ పిల్లల గుండె ఆరోగ్యంలో ఉప్మా వల్ల వచ్చిన తేడా స్పష్టంగా కనబడలేదు. కరోనా రోజులు, ఊళ్లకు పోయే దారి లేదు. తర్వాత రిటైరయ్యాను. ఆ బాకీ తీరలేదు.

అంగన్‌వాడీ టీచర్లు, ఆయమ్మలు, ఏఎన్‌ఎంలు, సర్పంచులు, జీపు డ్రైవర్లు, ల్యాబు సిబ్బంది, లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్, పబ్లిక్ హెల్త్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియా, డబ్బిచ్చిన వెల్‌కమ్ ట్రస్ట్, అందరికీ దండాలు.

ఇంకొక్క బాధ ఉంది. మా నాయన గుండెనొప్పితో పోయాడు. ఆయన బీపీ ఒక్కసారైనా ఎవరైనా చూసిన గుర్తు నాకు లేదు. ముసలితనంలో ఆగే గుండెకు ఏ వయసులో దెబ్బ తగిలిందో తెలియాలంటే ఏళ్ల తరబడి అవే గడపలు తొక్కాలి. ఆ 29 ఊళ్లను వదలకండి. మా పెనుకొండ వైపూ రండి. ఆ తల్లి కనబడితే ఉన్నదున్నట్టు చెప్పండి.