ఎదురైన అవమానం, ఎదురుకాని భయం

1987లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎయిడ్స్ కార్యక్రమ అధిపతి జొనాథన్ మాన్ ఎయిడ్స్‌ను మూడు మహమ్మారులుగా వర్ణించాడు. చడీచప్పుడు లేకుండా పాకే వైరస్ మొదటిది, ఏళ్ల తర్వాత బయటపడే జబ్బు రెండోది, రెంటినీ అంటిపెట్టుకుని వచ్చే వెలి మూడోది. మొదటి రెంటినీ లెక్కించే పద్ధతులు అప్పటికే ఉన్నాయి. మూడోదాన్ని ఎలా కొలవాలి?

తొలినాళ్ల సర్వేలు ఎక్కువగా జబ్బు లేనివాళ్లనే అడిగాయి. హెచ్.ఐ.వి. ఉన్న మనిషి దుకాణంలో కూరగాయలు కొంటారా అన్న ప్రశ్న మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనూ ఉంది. అడగవలసిన ప్రశ్నే. కానీ కొనేవాళ్ల జవాబును బట్టి అమ్మే మనిషి పడే వేదన తెలియదు.

ఆ వేదనను పడేవాళ్లనే అడిగి, అమెరికా నర్సింగ్ పరిశోధకురాలు బార్బరా బెర్గర్ 2001లో 40 వాక్యాల కొలమానం ప్రచురించింది. హెచ్.ఐ.వి.తో జీవిస్తున్న 318 మంది జవాబుల్లో బాధ నాలుగు పాయలుగా తేలింది: తెలిసినవాళ్లు దూరం కావడం, ఇంకెవరికి తెలిసిపోతుందోనన్న దిగులు, తన మీద తనకే ఏవగింపు, నలుగురూ ఏమనుకుంటారోనన్న బెంగ.

ఎదురైన అవమానానికీ, ఎదురవుతుందన్న భయానికీ తేడా ఎంత పెద్దదో చెన్నైలో బయటపడింది. 2005లో అచ్చయిన అధ్యయనంలో నిజంగా వివక్షకు గురైనవారు 26 శాతం, దానికి భయపడుతున్నవారు 97 శాతం. నాకు ఇంతకన్నా కలవరపెట్టే అంకెలు ఈ చరిత్రలో కనిపించలేదు. బెంగళూరులో 229 మందితో జరిగి 2008లో వెలువడిన పరిశోధన ఆ భయానికి ఒక మూలం చూపింది. పక్కవాళ్లకు జరిగిన అవమానాలను వినడం కూడా మనిషిలో వెలి భయాన్ని పెంచుతోంది. దాంతో తమకు హెచ్.ఐ.వి. ఉన్న సంగతి దాచడానికే ప్రయత్నిస్తారు, దాచేకొద్దీ కుంగిపోతారు. అవమానించినవాడు ఒక్క మనిషినే అవమానించినట్టు కాదు.

అదే 2008లో మొదలైన స్టిగ్మా ఇండెక్స్ అనే సర్వేలో ప్రశ్నలు అడిగేదీ హెచ్.ఐ.వి.తో జీవిస్తున్నవాళ్లే. ఈ మార్పు చాలా ముందే రావలసింది.

మన దేశంలో 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం వివక్షను నిషేధించింది. ఎదురైన అవమానానికి ఫిర్యాదు చేయవచ్చు, లోపలి భయానికి ఆ దారి లేదు. కానీ లోలోపలి వెలిని కొలవడం కష్టం కాదు: అందుకోసం పరిశోధకుడు సేత్ కాలిచ్‌మన్ బృందం 2009లో తెచ్చిన కొలమానంలో ఉన్నవి ఆరు వాక్యాలే. హెచ్.ఐ.వి. వ్యాప్తి దేశ సగటుకు మించి ఉన్న ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని ఏఆర్‌టీ (హెచ్.ఐ.వి. చికిత్స) కేంద్రాలు వైరల్ లోడ్ పరీక్షతో పాటు ఆ ఆరింటినీ తెలుగులో అడగాలి, జవాబు విన్నాక ఆ మనిషితో కూర్చుని మాట్లాడేందుకు కౌన్సెలర్‌కు తీరిక కల్పించాలి.